ఇంటిచదువు కిట్లు: గోదావరి చెమ్మలో ఏవి నిలుస్తాయి, ఏవి నిలవవు

మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లల్ని ఇంట్లోనే చదివించేవాళ్ళ కోసం ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరకని కిట్టు లేదు. పెట్టె తెరిస్తే అక్షరాల కార్డులు, అయస్కాంతం అక్షరాలు, రంగు పిండి, ఉప్పు పళ్ళెం, చెక్క పజిళ్ళు. అమలాపురం వైపో నరసాపురం వైపో ఉండేవాళ్ళు ఇందులో సగం కొనక్కర్లేదు. కొన్ని ఇక్కడి చెమ్మకి ఆగవు. కొన్నింటిలో ఉన్న మాటలు మన పిల్లల నోట్లో ఉండవు.

ముందు అక్షరాల కార్డులు, ఎందుకంటే అందరూ మొదట కొనేది వీటినే. 56 కార్డుల సెట్టు కొనేముందు నాలుగు జతలు పక్కపక్కన పెట్టి చూడండి: వ-మ, ర-ఠ, ద-డ, ధ-థ. చవకరకం ప్రింటులో థ కడుపులో చుక్క అలికిపోయి అచ్చం ధ లాగే కనపడుతుంది. ఠ లో చుక్క పోతే ర అయి కూర్చుంటుంది. పెద్దవాళ్ళం అలవాటుకొద్దీ చదివేస్తాం గానీ, మొదటిసారి చూసే పిల్లకి ఆ చుక్కే ఆధారం. ఇక రెండో లోపం, బొమ్మా అక్షరమూ ఒకే వైపు ఉండడం. పడవ బొమ్మ చూసి పిల్ల "పడవ" అంటుంది, ప వచ్చేసిందని మనం సంబరపడతాం. బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి అడిగితే తెలిసిపోతుంది. బొమ్మ వెనకవైపు ఉన్న సెట్టు దొరికితే అదే తీసుకోండి.

దొరక్కపోతే ఇంట్లో చేసుకున్నదే మేలు, అదీ అ నుంచి ఱ దాకా వరసగా కాదు. ప, డ, వ, ల, క, న, స, గ, ర. ఈ తొమ్మిది అక్షరాలతో పడవ, వల, పలక, పనస, గడప, వరస తయారవుతాయి. గుణింతం అక్కర్లేదు, ఒత్తు అక్కర్లేదు. పైగా వల, పడవ, పనస మన పిల్లలు రోజూ చూసేవే. ఐరావతం కోసం ఐ నేర్పడం కంటే, వల చూపించి వ, ల నేర్పడం ఎంతో తేలిక. 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువున్న) అట్ట మీద అక్షరం 8 సెంటీమీటర్ల ఎత్తున ప్రింటు తీయించి, 125 మైక్రాన్ల లామినేషన్ చేయించండి. షాపులో కుర్రాడు అందం కోసం అంచులు అట్టకి ఆనించి కత్తిరించేస్తాడు. అలా చెయ్యనివ్వకండి. చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అంచు వదలాలి. లేకపోతే వానాకాలంలో చెమ్మ అంచునుంచి లోపలికి దిగి, అట్ట ఉబ్బి, పొరలు విడిపోతాయి.

ఉప్పు పోసి వేలితో అక్షరాలు దిద్దించే ఉప్పు పళ్ళెం వీడియోల్లో బాగుంటుంది, ఇక్కడ మాత్రం దండగ. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీళ్ళు పీల్చుకుంటుంది. జూలైలో పొద్దున పోసిన ఉప్పు సాయంత్రానికి వేలికి అంటుకుంటుంది. బియ్యపు రవ్వ పోస్తే చీమలు, పురుగు. మన పెద్దలు ఇసుకలో దిద్దించింది ఊరికే కాదు. గోదావరి ఇసుక సన్న జల్లెడలో జల్లించి, తేట నీళ్ళు వచ్చేదాకా మూడు నాలుగుసార్లు కడిగి, రెండు రోజులు మంచి ఎండలో ఆరబెట్టాలి. పళ్ళెం అడుగున నల్ల చార్టు అతికించి, ఇసుక అర సెంటీమీటరు మందానే పొయ్యండి. వేలు లాగితే నల్లటి గీత స్పష్టంగా లేస్తుంది. సెంటీమీటరు దాటితే అంచులు కూలి, తలకట్టు మూసుకుపోతుంది. వాడాక మూతడబ్బాలో పెడితే చాలు. దీనికి మా ఓటు అయిదుకి అయిదు.

ఇంట్లో కలిపే రంగు పిండిలోనూ ఉప్పే ఉంటుంది కాబట్టి అదీ జిగటగా మారుతుంది, నాలుగో రోజుకి బూజు వాసన. కాలవగట్టు ఒండ్రుమట్టి ఉన్న ఊళ్ళో ఆ పిండి ఎందుకు? మట్టిని ఎండబెట్టి, దంచి, జల్లించి, గాజుపెంకులూ నత్తగుల్లలూ ఏరేసి తడపండి. తడిగుడ్డలో చుట్టి ఉంచితే వారం వస్తుంది.

పుస్తకాలకి డబ్బు పెట్టకుండానే చాలా దూరం వెళ్ళొచ్చు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితం, పీడీఎఫ్ దింపుకుని ప్రింటు తీసుకోవచ్చు. మొదటి స్థాయివి పేజీకి ఒకటి రెండు వాక్యాలే. ఎవరైనా అనువదించి పెట్టే వీలుంది కాబట్టి అన్నిట్లో తెలుగు ఒకేలా ఉండదు. పిల్లకి ఇచ్చేముందు ఒకసారి పైకి చదివి చూడండి, మీ నాలుక తడబడిన కథ పక్కన పెట్టండి. కేంద్రం తరఫున బడి పుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ 2023లో తెచ్చిన ఆటవస్తువుల పెట్టె జాదుయీ పిటారా మూడు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకి. అందులో ఆటల పుస్తకాలూ పోస్టర్లూ బాగున్నాయి.

యాప్‌ల గురించి ఒకటే మాట: ఎ, ఏ రెండూ నొక్కి వినండి. రెండూ ఒకేలా పలికితే తీసెయ్యండి.

బొమ్మల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. దాని కింద ఉన్న లైసెన్సు నంబరు ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే అసలో నకిలీయో తేలిపోతుంది. నమోదైన చేతివృత్తివాళ్ళ బొమ్మలకి మినహాయింపు ఉంది, కాబట్టి ఏటికొప్పాక బొమ్మ మీద ఆ గుర్తు లేదని వెనక్కి తగ్గక్కర్లేదు. అంకుడు కర్ర, లక్క, సహజ రంగులతో చేసినవని అడిగి తీసుకోండి, వేడినీళ్ళతో కడక్కండి. కొండపల్లి బొమ్మ అందమైనదే గానీ పొణికి కర్ర మరీ తేలిక, చేతులూ కాళ్ళూ విడిగా అతికించినవి. అల్మారాలో ఉంచి కథ చెప్పడానికి వాడుకోండి.

లెక్కలకి కొనదగ్గ వస్తువు ఒక్కటే, వామనగుంటల పీట. రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు. నాలుగేళ్ళ పిల్లకి గుంటకి మూడు గింజలతో మొదలుపెట్టండి. గింజలు పంచుతూ ఒక గుంట దాటేసినా, ఒకదాంట్లో రెండు వేసినా తిట్టకండి. నోటితో అంకెలు వచ్చాయి గానీ వేలికి ఇంకా రాలేదని అర్థం. పీట పక్కన పెట్టి, నలుగురికి నాలుగు గ్లాసులు పెట్టమని ఓ వారం చెప్పి, మళ్ళీ ఆటకి రండి. మూడేళ్ళ లోపు బిడ్డ ఇంట్లో ఉంటే చింతగింజలు వద్దు, గొంతుకి అడ్డం పడతాయి.