టైప్ 1 షుగర్‌లో లోపలి వాపుకి ఏది మేలు: యాంటీఆక్సిడెంట్లా, ఇమ్యూనిటీ మందులా, ఇన్సులినా?

మా పాపకి తొమ్మిదో ఏట టైప్ 1 షుగర్ బయటపడింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారంలోనే చుట్టాల ఫోన్లు మొదలయ్యాయి. "ఎన్నాళ్ళు పొడుస్తావే అమ్మాయ్ ఆ సూదులు పసిదానికి? పరగడుపున పసుపు, నల్లజీలకర్ర కలిపి పట్టు. లోపలి వాపు తీస్తుందట" అంది మా పెద్దత్త. ప్రేమతోనే అంది. పైగా ఆ మాటలో కొంత నిజం ఉంది. ఈ జబ్బులో లోపల వాపు ఉన్నమాట నిజమే, ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఫ్రీ రాడికల్స్ అనే హానికర కణికలు పెరిగి కణాల్ని దెబ్బతీయడం) ఉన్నమాటా నిజమే. మరి దాన్ని దేనితో తగ్గించాలి? మూడేళ్ళుగా దీని గురించి చదువుతూ, కనబడ్డ ప్రతి డాక్టర్నీ అడుగుతూ నాకు తేలింది రాస్తున్నాను.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసేవి బీటా కణాలు. మన ఇమ్యూనిటీలోని టీ కణాలు వీటిని శత్రువులనుకుని మీద పడతాయి. ఆ దాడిలో ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా లాంటి రసాయనాలు వెలువడతాయి. వాటి దెబ్బకి బీటా కణం లోపలే నైట్రిక్ ఆక్సైడ్, ఫ్రీ రాడికల్స్ పుడతాయి. ఇలాంటి విషాన్ని విరిచే కెటలేజ్, గ్లూటథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు లివర్ కణాల్లో దండిగా ఉంటాయి. బీటా కణంలో మాత్రం చాలా తక్కువ. అందుకే అది తొందరగా చచ్చిపోతుంది. చచ్చిన కణాల ముక్కలు చూసి ఇమ్యూనిటీ ఇంకా రెచ్చిపోతుంది.

బీటా కణానికి యాంటీఆక్సిడెంట్లు, అంటే ఫ్రీ రాడికల్స్‌ని విరిచే పదార్థాలు, తక్కువైతే మనమే బయట నుంచి ఇస్తే సరిపోదా? నాకూ మొదట ఇదే తట్టింది. పరిశోధకులకీ తట్టింది, గట్టిగానే ప్రయత్నించారు. నికోటినమైడ్ అంటే బి3 విటమిన్‌లో ఒక రకం. ఎలుకల్లో అది బీటా కణాల్ని కాపాడింది. దాంతో యూరప్, ఉత్తర అమెరికాల్లో పెద్ద ట్రయల్ పెట్టారు. టైప్ 1 ఉన్నవాళ్ళ దగ్గరి రక్తసంబంధీకుల్లో, యాంటీబాడీలు (ఇమ్యూనిటీ దాడి మొదలైందని రక్తంలో కనబడే గుర్తులు) కనబడిన 552 మందిని తీసుకుని, సగం మందికి నికోటినమైడ్, సగం మందికి మందు లేని ఉత్తి బిళ్ళ ఐదేళ్ళు ఇచ్చారు. 2004లో ఫలితం వచ్చింది. నికోటినమైడ్ వేసుకున్నవాళ్ళలో 82 మందికి షుగర్ వచ్చింది, ఉత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 77 మందికి వచ్చింది. అంటే ఏ లాభమూ లేదు.

పసుపు గురించి అందరూ చెప్పే థాయ్‌లాండ్ ట్రయల్ కూడా ఉంది. 2012లో వచ్చింది. 240 మందిలో కుర్‌క్యుమిన్ (పసుపులోని సారం) వాడినవాళ్ళకి తొమ్మిది నెలల్లో ఒక్కరికీ షుగర్ రాలేదు. కానీ అది పెద్దవాళ్ళ మీద, టైప్ 2 ముందు దశలో చేసింది. మనకొచ్చే మెసేజ్‌లో "షుగర్" అన్న ఒక్క ముక్కే ఉంటుంది. టైప్ 1 వేరు, టైప్ 2 వేరు అన్న సంగతి అందులో ఎక్కడా ఉండదు.

హనీమూన్, అంటే ఇన్సులిన్ మొదలుపెట్టాక కొన్నాళ్ళు జబ్బు తగ్గినట్టు కనిపించే దశ, గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే తల్లిదండ్రులు దెబ్బతినేది ఇక్కడే. ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకి చాలామంది పిల్లల్లో మిగిలిన బీటా కణాలు కాస్త తేరుకుంటాయి. డోసు బాగా పడిపోతుంది. మా పాపకి రెండో నెలలో రోజుకి 18 యూనిట్ల నుంచి 6కి దిగింది. మా ఇంట్లో రాత్రిపూట పసుపు పాలు అలవాటు. "చూశావా, పసుపు మహిమ!" అంది పెద్దత్త. నాకూ ఆశ పుట్టింది. రాత్రి పాల గ్లాసులో చెంచాడు పసుపు ఎక్కువ వేసిన రోజులు నాకు గుర్తున్నాయి. ఏడాది తిరిగేసరికి డోసు మళ్ళీ 20 దాటింది. పాలు అవే, పసుపు అదే. అదే సమయంలో ఎవరైనా ఏదో పొడి ఇచ్చి ఉంటే, ఇన్సులిన్ తగ్గించింది ఆ పొడేనని నమ్మేసేదాన్ని. అలా నమ్మి ఇన్సులిన్ మానేసిన పిల్లాణ్ణి మా పాప పక్క బెడ్‌లోనే చూశాను. కీటోఅసిడోసిస్‌తో (ఇన్సులిన్ లేక రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రాణాపాయ స్థితి), ఊపిరి రొప్పుతూ ఉన్నాడు.

విటమిన్ సి వాడేవాళ్ళకి ఇంకో సంగతి. రోజుకి 500 మిల్లీగ్రాములు దాటితే చేతికి పెట్టుకునే కొన్ని రకాల గ్లూకోజ్ సెన్సార్లు షుగర్‌ని ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. అది చూసి ఇన్సులిన్ ఎక్కువిస్తే పిల్లకి షుగర్ పడిపోతుంది. జామకాయ, ఉసిరికాయ తినిపించండి, తప్పులేదు. బిళ్ళలు మాత్రం డాక్టర్నడగకుండా వద్దు.

రెండో దారి, దాడి చేస్తున్న ఇమ్యూనిటీనే ఆపడం. 1980ల్లో సైక్లోస్పోరిన్ వాడి చూశారు. వాడినన్నాళ్ళూ పనిచేసింది, కానీ కిడ్నీలకి ప్రమాదం. ఇంటర్‌ల్యూకిన్-1 ఒక్కదాన్నే ఆపే మందులు పనిచేయలేదని 2013లో తేలింది. టీఎన్ఎఫ్‌ని ఆపే గోలిముమాబ్ మాత్రం 2020లో, కొత్తగా షుగర్ వచ్చిన పిల్లల్లో, యువతలో సొంత ఇన్సులిన్‌ని కొంత నిలబెట్టింది. అన్నిటికన్నా పెద్ద వార్త టెప్లిజుమాబ్, టీ కణాల దాడిని తగ్గించే మందు. రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ యాంటీబాడీలు ఉండి, షుగర్ కాస్త అటూ ఇటూ అవుతున్నవాళ్ళకి 14 రోజులు సెలైన్‌లాగా ఎక్కిస్తే, జబ్బు సగటున రెండేళ్ళు వెనక్కి వెళ్ళింది. 2022 నవంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. అప్పట్లో అక్కడ కోర్సు ధర సుమారు 1,94,000 డాలర్లు, మన లెక్కలో కోటిన్నర పైమాటే.

రెండేళ్ళేనా అనిపించొచ్చు. ఆరేళ్ళ పిల్లకి సూదులు పెట్టిన తల్లినడగండి, ఎనిమిదేళ్ళకి మొదలవడమంటే ఎంత తేడానో చెబుతుంది. (2022లో టెప్లిజుమాబ్‌కి మొదట అనుమతి వచ్చింది ఎనిమిదేళ్ళు నిండినవాళ్ళకే.) అయితే ఈ మందులు ఇన్‌ఫెక్షన్లకి దారి తీస్తాయి. మన దగ్గర టీబీ ఎక్కువ, టీఎన్ఎఫ్ మందులు లోపల నిద్రపోతున్న టీబీని లేపగలవు. పరీక్ష చేయించకుండా ఎవరూ మొదలుపెట్టకూడదు.

నాకు బాగా నచ్చింది ఈ రెండిటి మధ్యలో ఉన్న వెరాపమిల్. ఇది ఎప్పట్నుంచో ఉన్న బీపీ మందు, చవక. షుగర్ పెరిగినప్పుడు బీటా కణంలో టీఎక్స్ఎన్ఐపీ అనే ప్రొటీన్ పెరిగి, కణానికున్న కొద్దిపాటి యాంటీఆక్సిడెంట్ రక్షణని కట్టిపడేస్తుంది. వెరాపమిల్ ఆ ప్రొటీన్‌ని తగ్గిస్తుంది. బయట నుంచి యాంటీఆక్సిడెంట్ పోయకుండా, కణానికి ఉన్నదాన్నే విడిపించడమన్నమాట. 2023లో 88 మంది పిల్లల మీద చేసిన ట్రయల్‌లో, ఏడాది తర్వాత సొంత ఇన్సులిన్‌కి గుర్తయిన సి-పెప్టైడ్, మందు వాడనివాళ్ళకన్నా 30 శాతం ఎక్కువ ఉంది. షుగర్ బయటపడిన నెల లోపే మందు మొదలుపెట్టారు. ఇన్సులిన్ మాత్రం మానలేదు. ఈసీజీ చూసుకుంటూ వాడాలి. మా పాప విషయంలో ఆ నెల దాటిపోయాకే నాకిది తెలిసింది. పిల్లలకి ఇప్పుడే షుగర్ బయటపడినవాళ్ళెవరైనా ఉంటే ఈ వారమే మీ ఎండోక్రైనాలజిస్ట్‌ని (షుగర్, హార్మోన్ల డాక్టర్ని) అడగండి.

ఇక ఇన్సులిన్. దీన్ని వాపు మందుగా ఎవరూ లెక్కపెట్టరు. కానీ రక్తంలో షుగర్ ఎక్కువైనకొద్దీ కంట్లో, కిడ్నీలో, నరాల్లో ఉన్న కణాల్లో ఫ్రీ రాడికల్స్ ఎక్కువ పుడతాయి. షుగర్ అదుపులో ఉంటే ఆ మంట పుట్టేచోటే తగ్గుతుంది. 1,441 మందితో అమెరికా, కెనడాల్లో చేసి 1993లో ప్రకటించిన ట్రయల్‌లో, గట్టిగా అదుపు చేసినవాళ్ళకి కంటిజబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. ఏ యాంటీఆక్సిడెంట్ బిళ్ళకీ ఇలాంటి ఫలితం నేను చూడలేదు.

అందుకే నా వరుస ఇది. ముందు ఇన్సులిన్, వేళ తప్పకుండా. కొత్తగా వచ్చినవాళ్ళయితే వెరాపమిల్ సంగతి అడగాలి. తోబుట్టువులుంటే యాంటీబాడీ పరీక్ష. పసుపు కూరలోకి.

మా చిన్నోడికి ఆ పరీక్ష చేయించాం. ఒక్క యాంటీబాడీ కూడా లేదు. మొన్న పెద్దత్త వచ్చింది. పాప అన్నం ముందు కూర్చుని, ఇన్సులిన్ పెన్ను అడుగు తిప్పి, చొక్కా పైకెత్తి తనే పొడుచుకుంది. పెద్దత్త పక్కనే కూర్చుని, సూది తీసేముందు పాపతోపాటు గొంతు కలిపి పది లెక్కపెట్టింది.