ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ తెలిసిన యాంప్లిఫైయర్

చర్లపల్లి పారిశ్రామికవాడలోని మా చిన్న ల్యాబులో వాహనాలకు అమర్చే ఎలక్ట్రానిక్ కంట్రోలర్లను పరీక్షిస్తాం. స్టార్టర్ తిరిగినప్పుడు బ్యాటరీ వోల్టేజి ఎలా కుంగుతుందో, ఆల్టర్నేటర్ అలలు దాని మీద ఎలా పడతాయో ఫంక్షన్ జనరేటర్ (కోరిన ఆకారంలో సిగ్నల్ పుట్టించే పరికరం) చక్కగా గీసి ఇస్తుంది. కానీ దాని అవుట్‌పుట్ వెనక 50 ఓమ్‌ల నిరోధం ఉంటుంది కదా, పది వోల్టుల దగ్గర షార్టు చేసినా 200 మిల్లీఆంపియర్లు దాటదు. పది ఆంపియర్లు లాగే కంట్రోలర్‌కు అది ఏ మూలకు? అందుకే మధ్యలో సిగ్నల్ వోల్టేజిని ఇరవై రెట్లు పెంచే ఈ ఫోర్ క్వాడ్రంట్ లీనియర్ యాంప్లిఫైయర్ పెట్టుకున్నాం. అంటే ప్లస్ వోల్టేజి మీదైనా మైనస్ వోల్టేజి మీదైనా కరెంటు ఇవ్వగలదు, తీసుకోగలదు. కొన్నేళ్లుగా వాడుతున్నాను. బ్యాండ్‌విడ్త్, డిస్టార్షన్ వగైరాలు డేటాషీటులో చెప్పినట్టే ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను.

దీని మీద నాకు మమకారం కలగడానికి కారణం ఒకటే. ఇది కరెంటు ఇవ్వడంతో ఆగదు, వెనక్కి లాక్కుంటుంది కూడా. మామూలు పవర్ సప్లైకి 13.5 వోల్టుల నుంచి 6 వోల్టులకు 5 మిల్లీసెకన్లలో దిగమని చెప్పి చూడండి. కంట్రోలర్‌లోని పెద్ద కెపాసిటర్ నిండుగా ఉంటుంది, దాన్ని ఖాళీ చేయడం సప్లైకి చేతకాదు. కంట్రోలర్ తనంత తాను ఖర్చు చేసుకునే దాకా చూస్తూ కూర్చుంటుంది. ఆసిలోస్కోప్ మీద చురుగ్గా దిగాల్సిన గీత బద్ధకంగా జారుతుంది. అదే 2,200 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను ఆ వేగంతో దింపాలంటే 3.3 ఆంపియర్లు వెనక్కి లాగాలి. ఈ యాంప్లిఫైయర్ దాన్ని అవలీలగా లాగేస్తుంది. పాత సప్లై మీద ఎన్నడూ తడబడని కంట్రోలర్ ఒకటి దీని మీద మొదటి దెబ్బకే రీసెట్ అయింది. తెచ్చినవాళ్లకు నచ్చలేదు కానీ నిజమైన బండిలో జరిగేది అదే.

ఒక్క మాట. తీగలు తారుమారైనా దెబ్బతినకుండా ఇన్‌పుట్ దారిలో రివర్స్ పొలారిటీ డయోడ్ పెట్టిన కంట్రోలర్ల నుంచి కరెంటు ఎలాగూ వెనక్కి రాదు. వాటి మీద ఈ యంత్రం పనితనం సగమే కనిపిస్తుంది.

ఇక మే నెల కథ. 13.5 వోల్టులు, 10 ఆంపియర్లు, పైన చిన్న రిపుల్ (వోల్టేజి అల) పెట్టి గంటల తరబడి నడిపే పరీక్ష అది. భోజనాలు చేసి వచ్చేసరికి అంతా సవ్యంగానే నడుస్తోంది. కంట్రోలర్ లాగ్‌లో మాత్రం ఒక రీస్టార్ట్ నమోదైంది. మర్నాడు ఎండ ముదిరే వేళకు మళ్లీ అదే. తయారీదారు ఇంజనీరు ఫోనులో "మా దగ్గర ఎప్పుడూ ఇలా కాలేదండీ, మరొక్కసారి చూడండి సార్" అంటూ బతిమాలాడు. రిపోర్టులో 'ఫెయిల్' అని రాసే ముందు జనరేటర్ సిగ్నల్‌నూ యాంప్లిఫైయర్ అవుట్‌పుట్‌నూ పక్కపక్కనే రికార్డు చేశాం. జనరేటర్ గీత చెక్కు చెదరలేదు. యాంప్లిఫైయర్ గీత మాత్రం ఉన్నట్టుండి సున్నాకు పడి, కొన్ని నిమిషాలు అక్కడే ఉండి, తనంత తానే పైకి లేచింది. వేడెక్కి ఆగిపోయి, చల్లారగానే ఎవరినీ అడగకుండా మొదలుపెట్టిందన్నమాట. ఆగినట్టు చెప్పే దీపం ఒక్కటీ వెలుగుతూ మిగల్లేదు.

లోడుకు ఇస్తున్నది 135 వాట్లే, అంత వేడి ఎక్కడిది? లోపలి సరఫరా ప్లస్ 75, మైనస్ 75 వోల్టులు. పైన మిగిలిన 61.5 వోల్టుల భారం ట్రాన్సిస్టర్ల మీదే పడుతుంది. అంటే లోపల 615 వాట్లు ఉత్త వేడి. తక్కువ వోల్టేజి ఇస్తున్నప్పుడే ఈ యంత్రం ఎక్కువ ఉడికిపోతుంది. నేను పైన అంతగా పొగిడిన వెనక్కి లాగే పని ఇంకా భారం. 13.5 నుంచి మైనస్ 75 దాకా, అంటే 88.5 వోల్టులు మోస్తూ లాగాలి. క్షణకాలమైతే సరే, పదేపదే అయితే కష్టమే.

సర్వీసువాళ్లను అడిగితే యంత్రాన్ని పంపమన్నారు. ఈలోగా మాన్యువల్ చివరి పేజీల్లో ఒక వాక్యం కంటపడింది. వెనక ప్యానెల్ గుంటలోని చిన్న స్విచ్చుతో లోపలి సరఫరాను 30 వోల్టులకు దించుకోవచ్చట. దాంతో 615 వాట్లు కాస్తా 165 అయ్యాయి! అమ్మినప్పుడు ఇంత మంచి ముక్క ఎవరూ చెప్పలేదు. కోఠీ గుజరాతీ గల్లీలో ఫ్యాన్లు కొని ర్యాక్‌కు బిగించాం, దుమ్ము ఫిల్టరు కూడా మార్చాం. ఆ తర్వాత 12 వోల్టుల పరీక్షల్లో ఎండాకాలంలోనూ ఆగలేదు.

లారీల 24 వోల్టుల కంట్రోలర్లు వస్తే మాత్రం మళ్లీ 75కే వెళ్లాలి. 28 వోల్టుల మీద రిపుల్ వేస్తే 30 వోల్టుల సరఫరాలో చోటెక్కడ? వేసవిలో ఆ పరీక్షలు పొద్దున్నే పెట్టుకుంటున్నాం.

చెప్పకుండా మళ్లీ మొదలయ్యే గుణాన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. టెర్మినళ్ల మీద ఎవరి చెయ్యో ఉన్నప్పుడు 75 వోల్టుల సరఫరాతో అలా లేస్తే? ఒకసారి ఆగితే మనిషి బటన్ నొక్కేదాకా కలవని కాంటాక్టర్‌ను (పెద్ద కరెంటును తెంచి కలిపే స్విచ్చును) బయట మేమే పెట్టుకున్నాం.

మా పని ఎక్కువగా 12 వోల్టులది కాబట్టి మళ్లీ కొనాల్సివస్తే బహుశా దీన్నే కొంటాను, ముందుగా ఆ ఆటో రీస్టార్ట్‌ను తీసేయించగలిగితే. షేకర్లు (వస్తువులను కంపింపజేసి పరీక్షించే యంత్రాలు), హెల్మ్‌హోల్ట్జ్ కాయిల్స్ (సమమైన అయస్కాంత క్షేత్రం ఇచ్చే తీగచుట్లు) నడిపేవాళ్ల లెక్క వేరు. అక్కడ వోల్టేజీ కరెంటూ కలిసి నడవవు, అదే కరెంటుకు ట్రాన్సిస్టర్ల మీద వేడి ఇంకా పెరుగుతుంది. వేడి బాధ వద్దనుకుంటే ట్రాన్సిస్టర్లను వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచే స్విచింగ్ యాంప్లిఫైయర్లున్నాయి, కానీ వాటి స్విచింగ్ రొద మా నాయిస్ కొలతల్లోకి వస్తుంది. ఏసీ గట్టిగా పనిచేసే గది ఉన్నవాళ్లకు ఈ బాధల్లో సగం అసలు తెలియకపోవచ్చు.