ఎంవీపీ కాలనీలో జపనీస్ కరోకే: మొదటి అక్షరంతో పాట వెతకడం

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో హిందీ, తెలుగు పాటలతో పాటు జపనీస్ పాటల జాబితా కూడా పెట్టుకున్న కరోకే గది ఒకటుంది. జపనీస్ నేర్చుకునేవాళ్లు, అనిమే (జపాన్ కార్టూన్) పాటలు నోటికొచ్చిన కాలేజీ పిల్లలు, అచ్యుతాపురం వైపు ఉద్యోగాలు చేసేవాళ్లు వెళ్తుంటారు. గది శుభ్రంగా ఉంది, ఏసీ బాగా పనిచేస్తుంది, టీ మాత్రం మామూలే. వీటికంటే ముఖ్యం, అక్కడ పాటను ఎలా వెతుక్కోవాలన్నది. అది తెలియకుండా వెళ్తే గంటలో సగం టాబ్లెట్ మీద వేలు జరపడానికే సరిపోతుంది.

టాబ్లెట్‌లో "పాట పేరు" నొక్కితే జపనీస్ అక్షరాల పట్టిక తెరుచుకుంటుంది. జపాన్ అచ్చు పట్టికల్లాగే ఇది కూడా కుడి నుంచి ఎడమకు సాగుతుంది. అ వరుస కుడి అంచున, నిలువుగా ఉంటుంది. అలవాటు కొద్దీ ఎడమ నుంచి మొదలుపెట్టినవాళ్లకు ముందు వ వరుస తగులుతుంది, అందులో పాటలు కొద్దిగానే ఉంటాయి. ఒక అక్షరం నొక్కగానే ఆ అక్షరంతో మొదలయ్యే పేర్లన్నీ వస్తాయి, రెండోది, మూడోది నొక్కేకొద్దీ జాబితా తగ్గుతుంది.

ఈ వరుస తెలుగువాళ్లు విడిగా బట్టీ పట్టాల్సిన పనిలేదు. అ, క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధ గుళ్లలో సంస్కృత అక్షరాలు నేర్చుకున్న జపాన్ భిక్షువుల చదువు నుంచి వచ్చిన క్రమం ఇది, అంటే మన వర్ణమాల క్రమమే. చ వర్గం ఉండాల్సిన చోట స, ప వర్గం ఉండాల్సిన చోట హ కూర్చున్నాయి. త తర్వాత న, హ తర్వాత మ ఎందుకొచ్చాయో అక్షరమాల దిద్దిన ఎవరికైనా తడుతుంది. అచ్చులు మాత్రం అ, ఇ, ఉ, ఎ, ఒ అనే ఐదే. దీర్ఘాలకు వేరే అక్షరాలు లేవు.

మనవాళ్లు తప్పటడుగు వేసేది కూడా ఇక్కడే. చ పక్కన జ ఉంటుందనుకుని త వరుసలో వెతుకుతారు, ఎందుకంటే "చి" అక్కడుంది. కానీ జ, జి, జు, జొ అన్నీ స వరుసలోవి. పట్టికలో జ అనే మీట విడిగా ఉండదు. స నొక్కి, ఆ తర్వాత రెండు చిన్న గీతలున్న మీట నొక్కాలి. 1995 నాటి అనిమే పాట "జన్‌కొకు న తెన్షి నొ తేజె" కావాలంటే దారి ఇదే. గ అంటే క మీద గీతలు, ద అంటే త మీద గీతలు, బ అంటే హ మీద గీతలు. ప కావాలంటే హ మీద చిన్న సున్నా. "ఫు" హ వరుసలో, "త్సు" త వరుసలో ఉంటాయి. ల వరుస అసలు లేదు, ల అయినా ర అయినా ర వరుసకే వెళ్లాలి. ర తో మొదలయ్యే అచ్చ జపనీస్ మాటలు లేనట్టే, అందుకని ఆ వరుసలో కనిపించేవి ఎక్కువగా చైనా భాష నుంచో ఇంగ్లీషు నుంచో వచ్చిన మాటలే.

దీర్ఘాల దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. చెవికి "ఓ" అని వినిపించేది రాతలో చాలాసార్లు ఒ-ఉ. "అరుకో" అని వినిపిస్తే అ-రు-కొ-ఉ అని కొట్టాలి. కొన్ని మాటల్లో మాత్రం అది ఒ-ఒ. "ఓకినా ఫురుదొకే" పాటకు ఒ-ఉ-కి అని కొడితే ఏమీ రాదు, ఒ-ఒ-కి అని కొడితే వెంటనే వస్తుంది. అనుమానమొస్తే రెండూ కొట్టి చూడండి, పది సెకన్ల పని.

కాంజిలో, అంటే చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని చెప్పే అక్షరాల్లో రాసిన పేర్లకు చదివే తీరు తెలిస్తేనే మొదటి అక్షరం తెలుస్తుంది. కన్నీటికి వాడే కాంజిని మామూలుగా "నమిద" అని చదువుతారు, కానీ "నద సోసో" పాటలో జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల పలుకుబడి ప్రకారం "నద". న-మి అని కొట్టినవాళ్లకు ఆ పాట ఎప్పటికీ దొరకదు, న ఒక్కటే కొట్టి కిందికి జరిపితే దొరుకుతుంది. అంకెలతో మొదలయ్యే పేర్లదీ ఇదే తీరు. 3వ నెల 9వ తేదీ అని అంకెలు, కాంజిలు కలిపి రాసే 2004 నాటి పాటను "సంగత్సు కొకొనొక" అని చదువుతారు కాబట్టి అది స వరుసలో ఉంటుంది. బయటి దేశాల్లో వేరే పేరుతో తెలిసిన పాటలకు ఆ పేరు పనికిరాదు. సకమోటో క్యూ 1961లో పాడిన పాట 1963లో అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది "సుకియాకి" అనే పేరుతో. అసలు పేరు "ఉఎ ఒ ముఇతె అరుకో". సు కింద కాదు, ఉ కింద చూడాలి.

ఇక ఈ గదివాళ్ల లోపం. జాబితాలో కొన్ని పాటలకు చదివే తీరు ఎక్కించలేదు. పేరు కాంజిలోనే ఉంది, పక్కన హిరగానా (పైన చెప్పిన పట్టికలోని, శబ్దాన్ని రాసే అక్షరాలు) లేదు. దాంతో కంప్యూటర్ వాటిని శబ్దం ప్రకారం పేర్చలేక, ప్రతి అక్షరానికీ ఉండే యూనికోడ్ సంఖ్య ప్రకారం పేర్చి, అన్ని వరుసలూ అయిపోయాక చివర పడేసింది. ఏ అక్షరం కొట్టినా అవి రావు, పాట లేదనుకుని వదిలేస్తాం. ఆ చివరి కుప్పలో వెతకడానికి ఒక ఉపాయముంది. ఆ కోడ్ వరుస ఎక్కువగా కాంజిలోని మూలాంశాన్ని, అంటే అందులో ఉండే ముఖ్యమైన గుర్తును బట్టి నడుస్తుంది. అందుకని నీటి గుర్తున్న సముద్రం, అల, కన్నీరు దగ్గరదగ్గరగా ఉంటాయి. హృదయం గుర్తున్న ప్రేమ, వలపు, దుఃఖం కూడా అంతే. కాంజి ఆకారం గుర్తుపట్టగలిగితే చాలు. కానీ డబ్బులిచ్చి వచ్చినవాళ్లతో చేయించాల్సిన పని కాదిది. జాబితాలో ఇంకో గడి చేర్చి, ప్రతి పేరుకూ హిరగానా కొట్టి, ఆ గడి ప్రకారం పేరిస్తే సరిపోతుంది. జపనీస్ నేర్చుకునే పిల్లలు నలుగురు కూర్చుంటే అయిపోయే పనిని ఇన్నాళ్లు వదిలేయడం బాగోలేదు.

పేరును ఇంగ్లీషు లిపిలోనే రాసిన పాటలు ఈ గదిలో ఇంగ్లీషు అక్షరాల కిందే ఉన్నాయి. "లెమన్" కోసం ర వరుసలో రె కొట్టి లాభం లేదు, ఎల్ కొట్టాలి.

పాట దొరికాక రెండు బటన్లు వస్తాయి, కింద తెలుగు చీటీలు అంటించారు. "యొయకు" నొక్కితే పాట వరుసలో చివర చేరుతుంది. "వరికొమి" నొక్కితే అందరినీ దాటి ముందుకొచ్చేస్తుంది, గొడవలు మొదలయ్యేది ఇక్కడే. శ్రుతి మీట ఒక నొక్కుకు అర స్వరం మారుస్తుంది. ఆడవాళ్ల పాట మగవాళ్లు పాడాలంటే మూడు నాలుగు మెట్లు దించి మొదలుపెట్టి, పల్లవిలో పై స్వరం అందుతోందో లేదో చూసుకుని సరిచేసుకోవాలి. ఎకో తగ్గించమని అడగండి. జపనీస్‌లో ద్విత్వాక్షరం ముందు వచ్చే చిన్న విరామం ఎక్కువ ఎకోలో మునిగిపోయి, మాట ముద్దగా వినిపిస్తుంది. మైకులు వైరువే, గొంతు ఆలస్యంగా రాదు. సముద్రపు గాలికి జాక్‌లు తుప్పుపట్టి గరగరమంటుంటాయి, ఒకసారి తీసి తుడిచి పెట్టమంటే తగ్గుతుంది.

తెర మీద కాంజి పైన చిన్న హిరగానా వస్తుంది. హిరగానా రానివాళ్లు సాహిత్యాన్ని తెలుగు లిపిలో రాసుకుని తెచ్చుకోవాలి.

నలుగురైదుగురు వెళ్తే పాటల పేర్లతో అంత్యాక్షరి ఆడుకోండి, జపాన్‌లో దీన్ని షిరితొరి అంటారు. ఒకరి పాట పేరు ఏ అక్షరంతో ముగిస్తే తర్వాతివాళ్లు దానితో మొదలయ్యే పాట ఎంచుకోవాలి. సున్నా లాంటి "న్" తో ముగిసే పేరు చెప్పినవాళ్లు ఓడినట్టే, ఎందుకంటే దానితో మొదలయ్యే మాటే లేదు. "లెమన్" చెప్పారా, అయిపోయారు. క కు గ చెల్లుతుందా, "అరుకో" చివర ఒ లెక్కా ఉ లెక్కా అన్నది ముందే ఒప్పుకోవాలి. ను, రు వచ్చినప్పుడు అందరూ ఆగిపోతారు, ఆ రెండింటికీ తలా ఒక పాట ముందే చూసుకుని వెళ్లడం మంచిది.

పాట నాలుగైదు నిమిషాలు, మధ్యలో వెతుకులాట. గంటకు పది పన్నెండు పాటలకు మించి పడవు. నలుగురికి గంట చాలదు, రెండు గంటలు తీసుకోండి. పాడాలనుకున్న పాటల పేర్లు మొదటి మూడు అక్షరాలు హిరగానాలో రాసుకుని వెళ్తే వెతకడం తేలిక. జపనీస్ జాబితా ఒక్క టాబ్లెట్‌లోనే ఉంది, అది వేరే గదికి వెళ్లిపోతే హిందీ పాటలే గతి. గది బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో ఆ టాబ్లెట్ కావాలని చెప్పి పెట్టండి.