వేక్ దూకాలంటే గండికోటా, అవుకా?

గండికోటలో పెన్నా లోయను చూడాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ స్టాండప్ జెట్‌స్కీ (నిలబడి నడిపేది) మీద బోటు వేక్, అంటే బోటు వెనక లేచే అల, దూకడానికి ఆ నీళ్లు అచ్చిరావు. ఇరుకు లోయ కదా, బోటు లేపిన అల రాతిగోడకు కొట్టుకుని వెనక్కి వస్తుంది. రెండు అలలు కలిసి నీళ్లు గజిబిజి అయిపోతే జెట్‌స్కీ ముక్కు ఏ అల మీద లేస్తుందో తెలీదు. అక్కడ కయాక్ (తెడ్డేసే చిన్న పడవ) చాలు.

దూకడానికి అవుకు రిజర్వాయరు మేలు (2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల). నీళ్లు వెడల్పు, అల సాఫీగా సాగుతుంది. సొంత మెషిన్ ట్రైలర్ మీద తెచ్చుకునేవాళ్లకే ఈ లెక్క. ముందు అనుమతి కాగితం చేతిలో ఉండాలి. పెట్రోలు బనగానపల్లెలోనే పట్టుకుని రండి.

టూరిస్టుల బోటు వెంట మాత్రం పడకండి. మాట్లాడుకున్న మరో బోటు ఉండాలి. అది మరీ వేగంగా పోతే నీటి పైకి తేలి అల చిన్నదవుతుంది. ముక్కు ఎత్తి, తోక ముంచి బరువుగా సాగేటప్పుడే మంచి వేక్ లేస్తుంది. బోటుకు కనీసం యాభై అరవై మీటర్ల వెనక ఉండి, అలకు కాస్త ఏటవాలుగా రండి. అల ఎక్కుతుండగా థ్రాటిల్ (వేగం పెంచే మీట) పట్టే ఉంచి, మోకాళ్లు వంచి, శిఖరం దగ్గర బరువు వెనక్కి వేసి హ్యాండిల్ పైకి లాగాలి. గాల్లోకి లేవగానే థ్రాటిల్ వదలాలి. వదలకపోతే నీళ్లు పీల్చి వెనక్కి చిమ్మే పంపుకు నీళ్లందక ఇంజన్ గిర్రున తిరుగుతుంది, నీళ్లు తగిలిన క్షణాన పంపును తిప్పే షాఫ్ట్ మీద దెబ్బ పడుతుంది. దిగాక మాత్రం వెంటనే కొంచెం ఇవ్వాలి: థ్రాటిల్ లేకపోతే జెట్‌స్కీ తిరగదు.

బరువు ముందుకు పడితే ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది. ఒరిగి దిగితే మోకాలికి గండం. సుమారు 170 కిలోల యమహా సూపర్‌జెట్ తేలిగ్గా లేస్తుంది. 250 కిలోల కవాసాకి ఎస్ఎక్స్-ఆర్ అల మీద నిలకడగా ఉంటుంది గానీ దాన్ని లేపడానికి నడుం పోతుంది. బోల్తా పడితే వెనకాల స్టిక్కర్ చూపే వైపే తిప్పండి, లేకుంటే ఎగ్జాస్ట్ దారిన నీళ్లు ఇంజన్లోకి దూరతాయి.

ఇక్కడి అసలు శత్రువు జాలర్ల వల. తెల్ల థర్మాకోల్ ముక్కలు వరసగా తేలుతున్నాయంటే కింద వలే. అది పంపులో చుట్టుకుంటే మెషిన్ అరుస్తుంది గానీ కదలదు. ఇంజన్ ఆపి, మణికట్టు తాడు (పడిపోతే ఇంజన్ ఆపేది) తీసేసి, ఒడ్డుకు లాక్కొచ్చి పక్కకు ఒరిగించి, గ్రేటు (పంపు నోటికుండే జాలీ) కింద నుంచి కత్తితో పోగు పోగు కోయాలి. ఎండాకాలం నీళ్లు దిగితే రాళ్లు బయటపడతాయి, అప్పుడు వద్దు.

బసకు అవుకు ఊళ్లో వెతుక్కోవడం కంటే బనగానపల్లె లాడ్జీలు నయం. గండికోట హరిత హోటల్లో దిగితే కోట చూడ్డానికి బాగుంటుంది, ట్రైలరు రోజూ ఈడ్చుకురావడమే కష్టం. పొద్దున్నే గాలి లేవకముందే నీళ్లలో దిగండి. సంగటి, నాటుకోడి పులుసు దూకాకే.