ఏఆర్‌టీ మందులు: ఉన్న ఊళ్ళోనా, పక్క ఊళ్ళోనా, ప్రైవేటులోనా?

హెచ్‌ఐవీ పాజిటివ్ అని తేలాక ఏఆర్‌టీ, అంటే వైరస్‌ను అణచి ఉంచే మందులు, ఎక్కడ మొదలుపెట్టాలని ఈమధ్య వరసగా అడుగుతున్నారు. తిరుపతివాళ్ళు ఊళ్ళోని రుయా ప్రభుత్వ ఆసుపత్రి వద్దు, చిత్తూరు జిల్లా ఆసుపత్రికి పోతామంటారు. చిత్తూరువాళ్ళేమో తిరుపతికి వస్తామంటారు. చేతిలో నాలుగు డబ్బులున్నవాళ్ళు వేలూరు, చెన్నై వైపు చూస్తారు. అందరిదీ ఒకటే భయం, లైన్లో తెలిసినవాళ్ళు ఎదురుపడితే?

మందులో తేడా వెతకాల్సిన పనే లేదు. ఉచిత ఏఆర్‌టీ మన దేశంలో 2004లో మొదలైంది. 2017 నుంచి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా మందు ఇస్తున్నారు. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి. ప్రైవేటు డాక్టర్లు రాసేదీ చాలావరకు ఇదే. కొనుక్కున్నంత మాత్రాన పవర్ పెరగదు.

నా దృష్టిలో తేల్చాల్సింది ఒక్కటే. అయిదేళ్ళ తర్వాత కూడా అక్కడికి పోగలమా? జీవితాంతం వాడాల్సిన మందు ఇది. ప్రైవేటులో మొదటి ఏడాది బాగానే నడుస్తుంది. సాయంత్రం పూట చూస్తారు, కూలి పోదు, గదిలో డాక్టరూ మనమే ఉంటాం. ఆ సుఖం నిజమే. తర్వాత పిల్లల ఫీజులు కట్టే జూన్ వస్తుంది, లేదా పని పోతుంది. ముందు మానేసేది వైరల్ లోడ్ టెస్టు (రక్తంలో వైరస్ ఎంతుందో చూసేది), ఎందుకంటే బయట దానికి వేలల్లో అవుతుంది. ఆ తర్వాత డబ్బా కొనడం 'వచ్చే వారం' అవుతుంది. మధ్యమధ్యలో మానేస్తూ వేసుకుంటే వైరస్ మందుకు లొంగకుండా తయారవుతుంది. ప్రభుత్వ ఏఆర్‌టీ సెంటర్లో మందూ, ఆ టెస్టూ రెండూ ఉచితం. మందు తీసుకునే తేదీ దాటితే ఫోన్ చేసి అడుగుతారు కూడా. రాష్ట్రం ఇచ్చే పింఛను, ఇప్పుడు నెలకు 4,000 రూపాయలు, అక్కడ మందు వాడుతున్నవాళ్ళకే.

ఇక పక్క ఊరు. తిరుపతి నుంచి చిత్తూరు డెబ్భై కిలోమీటర్ల దాకా ఉంటుంది. పోయి రావడానికే ఒక రోజు పని పోతుంది. లేబుల్ పీకేసి, గలగల వినబడకుండా డబ్బాలో దూది కుక్కి బస్సెక్కేవాళ్ళను చూశాను. దాచుకోవాలనుకోవడంలో తప్పేం లేదు, కానీ దూది తేమను పట్టుకుంటుంది, అది వద్దు. మాత్రల్ని కవర్లోకీ మార్చకండి, తేమ తగలకూడదు. ఆరోగ్యం నిలకడగా ఉన్నవాళ్ళకు ఒకేసారి మూడు నెలల మందు ఇచ్చే పద్ధతి ఉంది కాబట్టి ఈ తిరుగుడు తగ్గుతుంది. భయం మరీ ఎక్కువగా ఉంటే అక్కడే మొదలుపెట్టి, ధైర్యం వచ్చాక సొంత ఊరికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవచ్చు. అదీ కుదరక అసలు మొదలుపెట్టకుండా కూర్చోవడమే ప్రమాదం. అయినా ఆ లైన్లో మనల్ని చూసినవాళ్ళు అక్కడికి ఎందుకొచ్చారట? సిబ్బంది బయటపెడతారేమోనంటే, అనుమతి లేకుండా చెప్పకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది.

నాటుమందు, పసరు గురించి అడిగేవాళ్ళకు ఒకటే మాట, వద్దు.

నేనైతే సొంత ఊరి సెంటరుకే ఓటేస్తాను. ఎక్కడ చేరినా షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే, కాల్షియం, ఐరన్ మాత్రలు మింగుతుంటే మొదటి రోజే చెప్పండి. డోలుటెగ్రావిర్‌తో వాటి మోతాదో, వేసుకునే వేళో మార్చాల్సి వస్తుంది. సెంటర్ ఎక్కడుందో తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.