ఏడేళ్లు టవరు సామాను మోసిన ట్రెయిలరు

విశాఖపట్నంలో సెల్ టవర్ల పునాదులు వేసి, టవర్లు నిలబెట్టే సబ్ కాంట్రాక్టు పని మాది. మాకు రెండు గ్యాంగులు ఉన్నాయి. 2018 వేసవిలో గాజువాక ఆటోనగర్‌లో కట్టించుకున్న రెండిరుసుల ట్రెయిలరును అప్పటినుంచి ట్రాక్టరు వెనుక తగిలించి వాడుతున్నాము. భీమిలి తీరంలోని ఇసుక నేలల మీదా, పాడేరు, అనంతగిరి ఘాటుల మీదా తిరిగిన బండి కనుక, దాని మంచిచెడ్డలు రెండూ చెప్పగలిగే స్థితిలో ఉన్నానని అనుకుంటున్నాను. ఇటువంటి పనికి ట్రెయిలరు కొనబోయేవారు మొదట అడిగే ప్రశ్న, ఎన్ని టన్నులు మోస్తుందని. నేనూ అదే అడిగాను. ఏడేళ్లలో నన్ను ఇబ్బంది పెట్టినవాటిలో టన్నుల సంగతి ఒక్కటీ లేదు.

అంతకుముందు మేము రైతుల తొట్టి ట్రాలీలనే అద్దెకు తెచ్చుకునేవాళ్లము. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖను దెబ్బతీసిన తరువాత, చెట్లు అడ్డంగా పడిన దారులలో జనరేటర్లనూ డీజిల్ పీపాలనూ టవర్ల దగ్గరకు చేర్చడానికి ఆ ట్రాలీలే దిక్కయ్యాయి. కానీ మట్టికీ ఇసుకకూ కట్టిన తొట్టిలోకి జనరేటరును ఎక్కించడమంటే, పక్క పలకల మీదుగా నలుగురు లోపలినుంచి లాగడం, నలుగురు బయటినుంచి నెట్టడమే. టవరు యాంగిళ్ల, అంటే ఎల్ ఆకారపు ఇనుప కడ్డీల, సంగతి ఇంకా కష్టం. కాళ్లకు వాడే పొడవాటి యాంగిళ్లు మాకు ఎక్కువగా ఆరు మీటర్లవి వస్తాయి, అంటే దాదాపు ఇరవై అడుగులు. పది పన్నెండు అడుగుల తొట్టిలో వేస్తే సగానికి దగ్గరగా వెనక్కి వేలాడుతుంది. బాడీ దాటి సరుకు ముందుకో వెనక్కో పక్కకో పొడుచుకు వస్తే 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం కింద 20,000 రూపాయల జరిమానా, పైగా ఆ సరుకును దింపించే ఖర్చు కూడా మనదే. జరిమానా మాట అటుంచి, చీకట్లో ఆ కొసలు వెనుక వచ్చే మోటారు సైకిలువాడికి కనబడవు. అందుకని మేము ఇరవై అడుగుల చదును బాడీ, మూడు పక్కలా విప్పుకోగల అడుగున్నర పలకలు పెట్టించుకున్నాము. ఆ నిర్ణయం గురించి ఇప్పటికీ చింత లేదు.

ఇరుసుల అమరిక దగ్గర చాలామంది తొందరపడతారు. ముందు ఒక ఇరుసు గుండ్రటి పళ్లెం మీద తిరుగుతూ, వెనుక ఇంకొకటి ఉండే నాలుగు చక్రాల ట్రాలీ తారు రోడ్డు మీద బాగానే ఉంటుంది, ట్రాక్టరు హుక్కు మీద బరువే పడదు. అయితే టవరు స్థలం అన్నది ఎప్పుడూ రోడ్డు చివర కాక, రోడ్డు అయిపోయిన తరువాత ఇంకొక అర కిలోమీటరు దూరాన ఉంటుంది. అక్కడ వెనక్కి నడపవలసి వస్తే ఆ ట్రాలీ రెండుచోట్ల మడత పడుతుంది. అంతేకాక, బురదలో ట్రాక్టరు వెనుక చక్రాలకు పట్టు దొరకాలంటే ట్రెయిలరు బరువులో కొంత వాటి మీదకు రావాలి. మాది బాడీ నడుమకు కాస్త వెనుకగా రెండు ఇరుసులూ పక్కపక్కనే ఉండి, రెండింటి కమాను కట్టలనూ (స్ప్రింగులనూ) ఒక ఊగే దిమ్మ కలిపే రకం. ఒక చక్రం గోతిలో పడినా బరువు మిగతా చక్రాలకు పంచుకుంటుంది. దీనికి ఒక మెలకువ కావాలి. బరువు మరీ ముందుకు వేస్తే ఎగుడులో ట్రాక్టరు ముందు చక్రాలు తేలి స్టీరింగు పనిచేయదు, మరీ వెనక్కి వేస్తే తోక ఊగుతుంది. మేము అడుగు పలక మీద పసుపు రంగుతో ఒక గీత గీయించి, జనరేటరు కానీ కాంక్రీటు కలిపే మిల్లరు కానీ ఆ గీతకు ముందే ఉండాలని నియమం పెట్టుకున్నాము. చదువురాని కూలీ కూడా ఆ గీత చూసి సర్దుతాడు.

ఈ అమరికకు లోపమూ ఉంది. ఘాటు మలుపులలో రెండు ఇరుసుల చక్రాలూ ఒకే దారిన తిరగలేవు కనుక నేలను రుద్దుకుంటూ పోతాయి. మా 9.00-16 టైర్లు అంచుల దగ్గర ముందుగా అరిగిపోతాయి. మూడేళ్లు వస్తాయనుకున్న జత రెండేళ్లకే మార్చవలసి వచ్చింది.

ఇక బ్రేకు. మన వైపు ట్రాక్టరు ట్రాలీలలో చాలావాటికి బ్రేకే ఉండదు. మైదానంలో అది చెల్లుబాటవుతుంది. ఘాటు దిగుతున్నప్పుడు వెనుక ఉన్న బరువు ట్రాక్టరును నెట్టి, మలుపులో పక్కకు మడిచేస్తుంది. మేము అదనంగా డబ్బు పెట్టి తోపుడు బ్రేకు వేయించుకున్నాము. ట్రాక్టరు వేగం తగ్గగానే ట్రెయిలరు ముందుకు తోసుకువస్తుంది, ఆ తోపుకు ముందు కడ్డీ లోపలికి జరిగి చక్రాల బ్రేకులను పట్టిస్తుంది. అయితే ఎగువకు వెనక్కి నడిపేటప్పుడూ అదే తోపు పుట్టి చక్రాలు బిగుసుకుపోతాయి కనుక, కడ్డీ జరగకుండా ఒక పిన్ను పెట్టి వెనక్కి నడపాలి, తరువాత మరిచిపోకుండా తీసేయాలి.

మరిచిపోయాము. మాడుగుల వైపు నుంచి పాడేరు వెళ్లే ఘాటులో, మిల్లరు ఒక్కటే వేసుకుని దిగుతుండగా, రెండవ మలుపులో ట్రెయిలరు వెనుక నుంచి నెట్టడం డ్రైవరుకు తెలిసింది. దానికి తోడు పొలం పనిలో అలవాటుగా ట్రాక్టరు ఎడమ, కుడి చక్రాల బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం తీసి ఉంచాడు. ఒక వైపే బ్రేకు పడింది. కొండ వైపు కాలువలోకి దింపి ఆపగలిగాడు కనుక ఎవరికీ దెబ్బ తగలలేదు, వెనుక పలకా లైట్లూ పోయాయి. తప్పు ట్రెయిలరుది కాదు, మాది. ఆ వారమే పిన్నుకు రెండడుగుల ఎర్ర గొట్టం వెల్డింగు చేయించాము. పిన్ను పెట్టి ఉన్నంతసేపూ, డ్రైవరు తల తిప్పితే ఆ గొట్టం కంటికి అడ్డంగా నిలబడి ఉంటుంది. నాలుగేళ్లలో మళ్లీ మరిచిపోలేదు.

సముద్రపు గాలి గురించి అమ్మేవారు ఎవరూ చెప్పరు. మా ట్రెయిలరు చట్రంలో పైకి కనబడే భాగమంతా ఏటా రంగు వేయించుకోవడంతో బాగానే ఉంది. చట్రానికి వాడిన చానలు (గాడి ఆకారపు ఇనుప దూలం) లోపలి వంపులో మాత్రం ఇసుకా తేమా నిలిచి, ఐదో ఏడు సుత్తితో కొడితే పొరలు పొరలుగా రాలింది. రెండుచోట్ల పట్టీలు అతికించవలసి వచ్చింది. నీరు జారే రంధ్రాలు ముందే వేయించి ఉంటే ఆ ఖర్చు తప్పేది. అడుగున పరిచిన గళ్ల ఇనుప పలక కూడా పొరపాటే. కూలీల కాలు జారదని వేయించాము, కానీ ఆ గళ్లు యాంగిళ్ల మీది జింకు పూతను గీరేస్తాయి. వానలో తడిసిన యాంగిళ్లను ఒకదానిమీద ఒకటి పేర్చి టర్పాలిన్ కప్పి మూడు రోజులు ఉంచితే, గాలి ఆడక జింకు మీద సున్నంలాంటి తెల్ల తుప్పు లేస్తుంది. తనిఖీకి వచ్చిన ఇంజనీరు ఒకసారి పదకొండు ముక్కలు పక్కన పెట్టించాడు. అప్పటినుంచి అడుగునా, వరసకూ వరసకూ నడుమనూ సరుగుడు బాదులు వేస్తున్నాము. మన తీరంలో అంత చవకగా దొరికేది మరొకటి లేదు.

మిగతావి చిన్న సంగతులు. బేరింగులలో ప్రతి వానాకాలం ముందూ పాత గ్రీజు కడిగి కొత్తది పెట్టిస్తే చాలు. వెనుక లైట్ల తీగను చట్రానికి బిగించిన గొట్టంలోంచి లాగించుకోవాలి, లేకపోతే తుప్పలలో తెగుతుంది. చట్టం ప్రకారం ట్రెయిలరు కూడా మోటారు వాహనమే కనుక, దానికి విడిగా రిజిస్ట్రేషను కావాలి. ఆమోదం పొందిన నమూనా ఉన్న తయారీదారు దగ్గరే కట్టించుకోవడం మేలు. మేము మొదట బేరమాడిన షెడ్డువాడు నలభై వేలు తక్కువకు చేస్తానన్నాడు, కాగితాల మాట ఎత్తగానే ఫోను ఎత్తడం మానేశాడు. గ్యాంగును సామాను మీద కూర్చోబెట్టి తీసుకువెళ్లడం మానుకోవడానికి మాకు ఎక్కువకాలమే పట్టిందని ఒప్పుకోవాలి. ఘాటులో జరిగిన ఆ ఘటన తరువాతే వాళ్లకు వేరే జీపు పెట్టాము.

మొబైలు సంకేతాలు అందని గ్రామాలకు 4జీ అందించే పథకాన్ని 2022 జూలైలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించాక, మన్యంలో పని పెరిగింది. ఇప్పుడు రెండవ గ్యాంగుకూ ఒక ట్రెయిలరు కట్టిస్తున్నాము. అదే ఇరవై అడుగుల బాడీ, అవే పక్కపక్క ఇరుసులు, అదే తోపుడు బ్రేకు. గళ్ల పలక బదులు చదును పలక, చానళ్లకు అడుగున రంధ్రాలు, ముందు పలక దగ్గర బరువును పైకి లాగడానికి చేతితో తిప్పే వించీ కోరాము. ఎర్ర గొట్టం ఉన్న పిన్ను మాత్రం మేమే తీసుకువెళ్లి ఇచ్చాము, అది ఎందుకో ఆ వెల్డరుకు మొదట అర్థం కాలేదు.