క్వీన్ క్రీక్ ఆలివ్ మిల్లు: ఎప్పుడు వెళ్లాలి, ఏం కొనాలి, ఏం వదిలేయాలి

అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్, గిల్బర్ట్‌లలో ఉండే తెలుగువాళ్ల ఇంటికి ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే మొదటి వారాంతం గ్రాండ్ కాన్యన్, రెండోది సెడోనా. మూడో వారానికి ఎవరో ఒకరు ‘ఆలివ్ మిల్లు చూపించారా?’ అని అడుగుతారు. ఆలివ్ తోట, నూనె తీసే మిల్లు, కొట్టు, భోజనం అన్నీ ఒకేచోట ఉండే జాగా అది. చూపించొచ్చు. కాకపోతే ఏ నెలలో వెళ్లారు, అక్కడ దేనిమీద డబ్బు పెట్టారు అన్నదాన్ని బట్టి ఆ పూట బాగా గడవనూ వచ్చు, ఓ శాండ్‌విచ్ కోసం ఇంత దూరం వచ్చామా అనిపించనూ వచ్చు.

ఫీనిక్స్ మహానగరానికి ఆగ్నేయపు అంచున ఉంటుంది క్వీన్ క్రీక్. 2010 జనాభా లెక్కల్లో 26 వేల పైచిలుకు ఉన్న ఊరు 2020కి 59 వేలు దాటింది. పత్తీ పశువుల మేతా పండిన నేలల్లో ఇప్పుడు ఒకే రంగు పెంకుల ఇళ్లు. వాటి మధ్య మిగిలిన తోటల్లో ఈ మిల్లుదీ ఒకటి. చాండ్లర్ నుంచి వచ్చేవాళ్లు లూప్ 202 మీంచి స్టేట్ రూట్ 24 ఎక్కి ఐరన్‌వుడ్ దగ్గర దిగడం మేలు. ఆ దారి 2022లో అక్కడిదాకా పొడిగించారు. ఐరన్‌వుడ్ మీద దక్షిణంగా వెళ్తుంటే కొంత దూరం తర్వాత అదే రోడ్డు పేరు గాంట్‌జెల్‌గా మారుతుంది, దారి తప్పామని కంగారు పడొద్దు. కూంబ్స్ రోడ్డు దగ్గర కుడికి తిరిగి మెరిడియన్ దాకా వెళ్తే సరిపోతుంది. రిట్టెన్‌హౌస్ రోడ్డు మీంచి కూడా రావొచ్చు గానీ దాని పక్కనే రైలు పట్టాలున్నాయి. గూడ్సు బండి పడితే గేటు దగ్గరే ఆకలి మొదలవుతుంది.

ఎడారిలో ఆలివ్ ఏమిటని చాలామంది ఆశ్చర్యపోతారు. ఆ చెట్టుకు కావలసింది శీతాకాలంలో కొన్ని వారాల చలి, ఆ తర్వాత పొడి ఎండ. చలి తగలకపోతే పూత సరిగ్గా రాదు. అందుకే మన కోస్తాలో నాటితే చెట్టు పచ్చగా పెరుగుతుందేమో గానీ కాయ ఆశించలేం. ఇజ్రాయెల్ సాయంతో రాజస్థాన్ ఆలివ్ వేసింది కూడా ఈ లెక్క మీదే. ఇక్కడి ఎండ వల్ల ఇంకో లాభముంది: కాయలో గుడ్లు పెట్టి పంటను పాడుచేసే ఆలివ్ ఈగ 38 డిగ్రీలు దాటితే నిలదొక్కుకోలేదు. నీళ్లు మాత్రం కట్టాల్సిందే, ఎంత ఎండకు ఓర్చే చెట్టయినా.

మిల్లు నడిచేది శరదృతువులో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాయ కోత, అప్పుడే నూనె తీత. మిగతా నెలల్లో టూర్‌కి వెళ్తే కడిగి ఆరబెట్టిన యంత్రాలు చూసి, మాటలు విని రావడమే. మాటలూ బాగానే ఉంటాయి, కాదనను. కానీ యంత్రం తిరుగుతున్నప్పుడు గదంతా కోసిన పచ్చిగడ్డి వాసన నిండుతుంది, అది మాటలతో రాదు. కోత రోజులు ఏటా అటూ ఇటూ అవుతాయి కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి, ఆ వారం మిల్లు ఆడుతోందా అని అడగండి.

గానుగ చూసిన కళ్లకు ఈ పద్ధతి కొత్తగా ఉంటుంది. నువ్వులు, వేరుశనగ ఎండు గింజలు. నెలల తరబడి నిలవ పెట్టి తీరిగ్గా ఆడించుకోవచ్చు. ఆలివ్ పండు. సగం దాకా నీరే, నూనె ఐదో వంతుకు అటూ ఇటూ. కోసిన ఒక రోజులోగా ఆడించకపోతే కుప్పలో వేడెక్కి పులుస్తుంది, ఆ పులుపు కంపు నూనెలో దిగి మరి పోదు. అందుకని ఆకులు ఊది, కడిగి, గింజతో సహా ముద్దగా నలగ్గొడతారు. ఆ ముద్దని తొట్టెలో అరగంట, ముప్పావుగంట నెమ్మదిగా కలుపుతారు. చిన్న నూనె చుక్కలు ఒకదాన్నొకటి అంటుకుని పెద్దవయ్యేది ఇక్కడే. ఇంకా వేడి చేస్తే నూనె ఎక్కువ దిగుతుంది, పరిమళం పోతుంది. 27 డిగ్రీల లోపు ఉంచితేనే అంతర్జాతీయంగా ‘కోల్డ్’ అన్న మాట వాడతారు. తర్వాత పని సెంట్రిఫ్యూజ్‌ది: గిర్రున తిప్పి పిప్పిని, నీటిని, నూనెని విడదీస్తుంది. సీసాల మీద ‘కోల్డ్ ప్రెస్‌డ్’ అని రాసుకుంటున్నా, ఈ కాలపు మిల్లుల్లో నొక్కే చట్రాలు దాదాపు లేవు. లీటరు నూనెకి ఐదారు కిలోల కాయలు పడతాయి, పచ్చివైతే ఇంకా ఎక్కువ. ఈ లెక్క తెలిశాక ధర చూసి గుండె కాస్త తక్కువ ఝల్లుమంటుంది.

తోటలో పిల్లల మీద ఓ కన్నుండాలి. చెట్టున కనిపించే నల్లటి కాయ నేరేడులా నోరూరిస్తుంది, కొరికితే వేపకాయే నయం. ఉప్పునీటిలో వారాల తరబడి ఊరితే తప్ప ఆ చేదు దిగదు.

రుచి చూడటానికి కొంచెం పద్ధతి ఉంది, బ్రెడ్డు ముక్క ముంచి తిని ‘బాగుంది’ అనేస్తే తేడాలు తెలియవు. చిన్న కప్పులో స్పూను నూనె పోయించుకుని, ఒక అరచేతిలో పెట్టి రెండో చేత్తో మూసి, ఓ నిమిషం వెచ్చబరచండి. మూత తీసి వాసన చూడండి. పచ్చి టమాటా ఆకు, కోసిన గడ్డి, బాదం, వీటిల్లో ఏదో ఒకటి తగలాలి. పాత మైనం, పాత పల్లీల వాసన వస్తే ముక్కిపోయినట్టు. తర్వాత వేడి రసం జుర్రినట్టు గాలితో కలిపి జుర్రి మింగాలి. నాలుక మీద చేదు, మింగాక గొంతులో మిరియం తగిలినంత మంట, ఒక దగ్గు. కొత్తవాళ్లు ఆ దగ్గుకి నూనె పాడైందనుకుంటారు. అది ఓలియోకాంథాల్ అనే పదార్థం పని. నొప్పుల మందు ఐబుప్రొఫెన్ మింగినప్పుడు గొంతులో కలిగే మంటకీ దీనికీ పోలిక ఉందని 2005లో శాస్త్రవేత్తలు చూపించారు. ఏమాత్రం మంట లేని నూనె బాగా పండిన కాయలదైనా అయ్యుండాలి, పాతదైనా అయ్యుండాలి.

రుచులు కలిపిన నూనెల అల్మరా దగ్గరే ఎక్కువ జనం, ఎక్కువ ఖర్చు. చాక్లెట్ నూనె ఒక తమాషా. ఐస్‌క్రీమ్ మీద ఒకసారి పోసుకుంటారు, తర్వాత ఏడాది పాటు అది గూట్లో కూర్చుంటుంది. వెల్లుల్లి, మిరప నూనెలు మన వంటింటికి అనవసరం: తాజా వెల్లుల్లి దంచి వేసుకునే చేతికి సీసాలోని వెల్లుల్లి ఎందుకు? నిమ్మజాతి పళ్లతో చేసినవి మాత్రం సలాడ్లకు, కాల్చిన చేపకు పనికొస్తాయి. ఏదైనా రుచి కలిపితే ఆ నూనెను ప్రమాణాల ప్రకారం ‘ఎక్స్‌ట్రా వర్జిన్’, అంటే మొదటి రకం, అనడానికి వీల్లేదు. ఆ మాట కోసం డబ్బిచ్చేవాళ్లు సాదా సీసా దగ్గరే ఆగాలి.

భోజనం సంగతి. చెట్ల కింద బల్లలు, వారాంతాల్లో పాటలు, వాతావరణం హాయిగా ఉంటుంది. వంటంతా ఇటలీ తరహా, శాండ్‌విచ్‌లలో పంది మాంసపు సలామీ, ప్రొషూటో ఎక్కువ. శాకాహారులకు తాజా మోజరెల్లా, టమాటా రకాలు, సలాడ్లు దొరుకుతాయి గానీ ఒక మెలిక ఉంది: పార్మెజాన్ అసలు రకాన్ని దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో గడ్డకట్టిస్తారు. నిష్ఠగా ఉండే పెద్దవాళ్లు వెంట ఉంటే, చీజ్ ఏదని ఆర్డరిచ్చేటప్పుడే అడగండి. పెస్టో అనే ఆకు పచ్చడిలో కూడా ఆ చీజ్ కలుస్తుంది. కారం కోరుకునే నాలుకకి ఇక్కడ ఏమీ లేదు, పర్సులో గొడ్డుకారం పొట్లం వేసుకెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. శని, ఆదివారాల్లో పన్నెండు నుంచి రెండు దాకా వరస పొడుగ్గా ఉంటుంది. పదిన్నరకు చేరితే నీడలో బల్ల దొరుకుతుంది.

కాలం ఎంచుకోవడంలో రెండు హెచ్చరికలు. ఏప్రిల్, మే నెలల్లో ఆలివ్ పూస్తుంది, ఆ పుప్పొడి చాలామందికి పడదు. టూసాన్ ఉన్న పీమా కౌంటీ 1984లో పుప్పొడి రాల్చే ఆలివ్ మొక్కల అమ్మకాన్నే ఆపేసింది. ఉబ్బసం, తుమ్ముల బాధ ఉన్నవాళ్లని ఆ నెలల్లో చెట్ల కింద కూర్చోబెట్టొద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా బయటి బల్లల మాటే ఎత్తొద్దు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. పైగా సాయంత్రాల్లో దుమ్ము తుఫాను లేస్తే తిరుగు దారిలో ముందున్న కారు కనపడదు. అలా జరిగితే రోడ్డు వదిలి వీలైనంత పక్కకి ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీంచి కాలు తీసేయాలి. వెనక వచ్చేవాడు మీ ఎర్ర లైటు చూసి అదే దారనుకుని వచ్చి గుద్దకుండా ఉండటానికి.

కొనేటప్పుడు సీసా తిప్పి చూడాల్సింది కోత తేదీ. ‘ఫలానా తేదీలోగా వాడండి’ అన్నదాన్ని సీసాలో నింపిన రోజు నుంచి లెక్కేస్తారు, అప్పటికే నూనె తొట్టిలో ఎన్నాళ్లుందో దాన్ని బట్టి తెలియదు. కోత నుంచి ఏడాదిన్నర లోపు వాడేయాలి, మూత తీశాక రెండు మూడు నెలలు. ఇద్దరున్న ఇంటికి అర లీటరు చాలు, పెద్ద డబ్బా చవకని తీసుకుంటే చివరి సగం ముక్కిపోతుంది. నల్లటి గాజు సీసా, లేదా రేకు డబ్బా.

ఆ తర్వాత నూనెను పాడుచేసేది మనమే. ఎండాకాలం ఆపిన కారు లోపల గంటలోనే పొయ్యిలా వేడెక్కుతుంది. అక్కడ 27 డిగ్రీలు దాటకుండా తీసిన నూనెను, దారిలో కాస్ట్‌కోకి వెళ్లొచ్చే లోపు డిక్కీలో ఉడికిస్తాం. పాల కోసం పెట్టుకునే ఐస్ పెట్టెలో వేసుకుని, నేరుగా ఇంటికి వచ్చేయండి. ఇంట్లో కూడా గరాజులో బియ్యం బస్తా పక్కన వద్దు, పొయ్యి పక్క గూట్లోనూ వద్దు. ఫ్రిజ్‌లో పెడితే పేరుకుని తెల్లబడుతుంది, బయట పెట్టగానే మామూలవుతుంది. పేరుకుంటే అసలుదనీ లేకపోతే కల్తీ అనీ చెప్పే పరీక్షను నమ్మొద్దు. ఇండియా పంపాలంటే చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటనివ్వరు. చెక్-ఇన్ పెట్టెలో, జిప్ కవరు రెండు పొరలు వేసి, చీర మడతల మధ్య కాకుండా పాత తువ్వాలులో చుట్టాలి.

వంటకొస్తే, గారెలు వేయించడానికి ఇది వాడటం డబ్బు నూనెలో పోయడమే. తిరగమోతకి ఫరవాలేదు, ఆవాలు చిటపటలాడే వేడికి మాడదు, కాకపోతే కొన్న పరిమళం పొగ గొట్టంలోకి పోతుంది. దీని చోటు అన్నం మీద. కందిపొడి అన్నంలో నెయ్యికి బదులు ఒక స్పూను పోస్తే ఆ గొంతు మంట పొడిలోని ఎండుమిర్చితో చక్కగా కలుస్తుంది. రోటి పచ్చడి మీద, దించేసిన పప్పు మీద కూడా. ఆవకాయకు మాత్రం నువ్వుల నూనే. ఆవపిండి ఘాటుకి దీని చేదు తోడైతే జాడీ ఎవరూ ముట్టరు. వాసన మారిపోయిన నూనె మిగిలిందా, పారబోయకండి. దేవుడి ముందు మనసొప్పకపోతే పెరట్లో ప్రమిదల్లో పోసి వెలిగించండి, పొగ లేకుండా నిదానంగా వెలుగుతుంది.